సలోమి టీచరు దాటిన వాగు

మాలకొండమ్మని వడ్డెర కాలనీలో అందరూ గట్టి మనిషి అంటారు. సమ్మెట పట్టిందంటే మొగోళ్ళతో సమానంగా బండ పగలగొట్టుద్ది. ఇంట్లో మొగుడు ఏడుకొండలు, కూతురు చెంచులచ్చిమి, అంతే. మా మెట్ట ఊళ్ళల్లో బండపని ఎప్పుడూ దొరకదు గదా, అందుకని చలికాలం రాంగానే కాలనీ కాలనీ లారీ ఎక్కి గుంటూరు పక్క మిరపకాయ కోతలకి పోవాల్సిందే. పిల్లల్ని ఎవురి దగ్గిర వొదుల్తారు? ఎంటేసుకునే పోతారు. నాలుగు నెల్లకి తిరిగొచ్చేతలికి ఆ పిల్లలు చదివింది మర్చిపోయి, బళ్ళోకి పోడానికి సిగ్గుపడి, ఇంక పోనే పోరు. మాలకొండమ్మ చదువు కూడా అట్టా పోయిందే. ఒక యేడు ఏమైందంటే, లారీ వచ్చి నిలబడుంది, సామాన్లు ఎక్కిస్తా ఉన్నారు, అప్పుడొచ్చిందంట సలోమి టీచరు. ఆమె మా ఊరి బడి పంతులమ్మ. రోడ్డు మీద బస్సు దిగి, వాగులో దిగి నడిచి, రోజూ తడిసిన కోకతోనే పాఠం చెప్పేది. ఎనిమిదేళ్ళు అట్టా చెప్పింది. వచ్చి ఏమనిందంటే, మాలకొండమ్మా, నీ పిల్ల నాలుగో తరగతి, దానికి చదువు బాగా అబ్బుతా ఉంది, ఇప్పుడు తీసకపోయావంటే మళ్ళీ రాదు, మా ఇంట్లో నేనూ మా అమ్మే గదా ఉండేది, నువ్వొచ్చిందాకా మా దగ్గిర ఉంచుకుంటా అనిందంట. ఏడుకొండలు నీళ్ళు నమిలాడు, ఆడపిల్లని పరాయింట్లో ఎట్టా వొదిలేది అని. మాలకొండమ్మ లారీలోంచి పిల్ల గుడ్డల మూట తీసి టీచరు చేతిలో పెట్టింది. పెట్టి, లారీ ఎక్కి, ఆ పక్కకి తిరిగి కూచుంది. ఎనక్కి చూడలా. చూస్తే దిగిపోతానని ఆమెకి తెలుసు.

ఇంక అక్కడ మిరపచేలో ఆమె పాట్లు చెప్తా వినండి. చేతులు మండుతా ఉంటాయి, కళ్ళు మండుతా ఉంటాయి, పక్క సాలులో ఎవురి పిల్లో నవ్వితే ఈమె తల గబుక్కున అటు తిరిగేదంట. ఆదివారం కోసం చూసేది. ఆదివారం టీచరు ఫోను చేసి పిల్లకిచ్చేది. పిల్ల ఏం చెప్పుద్ది, తిన్నా, పొణుకున్నా అంటది, అయిపోయింది. అందుకని మాలకొండమ్మ, పాఠం చదవ్వే అనేదంట. అది పుస్తకం తెచ్చుకుని చదివేది. ఏ పాఠమో, ఎవురి కతో ఈమెకి తెలవదు, గట్టు మీద కూచుని, చెవికి ఫోను అదిమిపెట్టి, ఆ గొంతు అట్టా వింటా ఉండేది. చాలా అమ్మా అని పిల్ల అడిగితే, ఇంకొక్కటి చదువు అనేది. ఏందే సుబ్బులూ, నా కత వింటా నవ్వుతావు, నీ పిల్ల నీ కొంగు పట్టుకుని కూచోనుంది, నీకేం తెలుసు?

ఉగాది దాటినాక తిరిగొచ్చారనుకో. పిల్ల పరిగెత్తుకుంటా వచ్చింది, వచ్చి అడుగు దూరంలో ఆగిపోయింది. రెండు జడలు, రిబ్బన్లు, నున్నటి మొకం. అమ్మని చూసి కొత్త చేసిందంట. ఆ అడుగు దూరం మాలకొండమ్మకి నాలుగు నెలలంత బరువైంది. సరే, దగ్గిరికి తీసుకుంది, ఏడిచింది. ఆ రాత్రి కూడు తింటా తింటా పిల్ల ఒక మాట చెప్పింది. ఏందంటే, మాఘంలో అదనుగాని వాన పడి వాగు పొంగితే, టీచరు దీన్ని వీపు మీద ఎక్కించుకుని దాటతా జారిందంట. జారి కూడా పిల్లని నీళ్ళలో పడనీకుండా ఎత్తి పట్టుకుని, తను మాత్రం రాయి మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు కట్టుకుని మళ్ళీ బళ్ళోకి వచ్చింది. 'నాకెందుకు చెప్పలేదే ఫోన్లో?' అంటే, 'మీ అమ్మ పని మానుకుని వొచ్చుద్ది, చెప్పబాక అనింది టీచరు' అంది పిల్ల.

తెల్లారి మాలకొండమ్మ రెండు కోళ్ళు పట్టుకుని బడికి పోయిందంట. సలోమి టీచరు తీసుకోలా. 'కోళ్ళు నీ పిల్లకి పెట్టు మాలకొండమ్మా. దాన్ని బడి మానిపించకు, నాకదే చాలు' అనింది. వంకరగా అతుక్కున్న ఆ చెయ్యి చూసి, మాలకొండమ్మ కోళ్ళని చంకన పెట్టుకుని ఎనక్కి తిరిగింది. ఇంటికొచ్చి ఏడుకొండల్తో అనింది, 'ఏమయ్యా, ఆమెకి ఇచ్చేదానికి మన దగ్గిర ఏముంది?' 'ఏముంది, రాళ్ళున్నాయి' అన్నాడంట అతను, ఎగతాళికి. ఆమె ఎగతాళి అనుకోలా. లేచి పోయి కాలనీలో గడప గడపా తట్టింది. మన పిల్లల కోసం ఆమె వాగులో పడింది, ఆమె కాలు తడవకుండా మనం రాళ్ళు పరవాల, అనింది. ఎవురూ కాదన్లా.

ఎండాకాలం వాగు సన్నబడుద్ది గదా, అప్పుడు మొదలుపెట్టారు. బడికి సెలవులు, టీచరుకి తెలవదు. పొద్దున కూలికి పోయేవాళ్ళు, పొద్దు వాలినాక వాగులో దిగేవాళ్ళు. మంచం అంత బండలు, గునపాలేసి దొర్లించుకుంటా, ఇసక తవ్వి పాతిపెట్టుకుంటా, ఒడ్డు నించి ఒడ్డుకి. మాలకొండమ్మ ఒక్కో బండ మీద కూచుని ఉలితో గాట్లు పెట్టేది, చెప్పు జారకుండా. బడి తెరిచే నాటికి తొలకరి పడి మోకాటి లోతు నీళ్ళొచ్చాయి, బండలు మాత్రం పైకే ఉన్నాయి. కాలనీ అంతా ఇవతలి ఒడ్డున నిలబడింది.

టీచరు బస్సు దిగింది. వాగు దగ్గిరికొచ్చి, చెప్పులు చేతిలోకి తీసుకుని, వొంగి కుచ్చెళ్ళు పట్టుకోబోయి, ఆగిపోయింది. మళ్ళీ చెప్పులేసుకుంది. ఒక్కో బండ మీద అడుగేసుకుంటా ఇవతలికి వచ్చి మాలకొండమ్మ చేతులు పట్టుకుంది. పట్టుకుని ఏమందంటే, 'మాలకొండమ్మా, నేను తాళాలు అప్పజెప్పడానికి వచ్చా. సెలవుల్లో బదిలీ చేశారు. కొండల అవతల, శానా దూరం.' పోవద్దమ్మా అనే మాట గొంతు దాకా వచ్చింది మాలకొండమ్మకి. అక్కడ కూడా పిల్లలుంటారు గదా అని మింగేసింది. సాయంత్రం టీచరు తిరిగి పోయేటప్పుడు, ఆ ఒడ్డుకి చేరినాక, ఈమె ఇక్కణ్ణించి అడిగింది, 'అమ్మా, ఇంకొక్కసారి వచ్చి పోతావా, చూసుకుంటా.' సలోమి టీచరు వెనక్కి తిరిగి వాగు దాటి వచ్చింది. మళ్ళీ దాటి పోయింది. బస్సు ఎక్కింది.

అంతే. కొత్త సారు మోటారు సైకిలు మీద చుట్టు తిరిగి డొంకన వస్తాడు, మంచోడే, ఆయనకి ఆ రాళ్ళతో పని లేదు. చెంచులచ్చిమి ఇప్పుడు ఆ రాళ్ళ మీద నించే రోడ్డెక్కి హైస్కూలుకి పోతా ఉంది. కాలనీ వలస పోయినప్పుడు దాన్ని ఏడుకొండలు వాళ్ళక్క దగ్గిర ఉంచుతున్నారు. మాలకొండమ్మ వానాకాలంలో పీచు తీసుకుని బండల మీద పాకుడు రుద్దుతా ఉంటది. ఎవురొస్తారనే, అని అడిగితే, ఎవురో ఒకరు రాకపోతారా, అంటది, తల ఎత్తకుండా. మొన్న పెద్దాఫీసరు ఎవురో వచ్చి, ఈడ వంతెన కడతామని టేపు పట్టి కొలతలేసుకుని పోయాడు. ఎనిమిదేళ్ళు ఒకామె తడిసిన కోకతో నడిచినన్నాళ్ళూ, పాపం, ఆళ్ళకి టేపు దొరకలేదనుకుంటా.