రెండో సాక్షి

ఆ ట్రేలకి ఆనుకోకండి బాబూ, మామిడి సొన అంటిందంటే చొక్కా మీద మచ్చ ఇక పోదు. ఇలా వరండాలోకి రండి, ఈ కుర్చీలో కూర్చోండి. అసలు కోతల టైములో ఎవరన్నా వస్తారా చెప్పండి. పొద్దున్నించి రెండు బళ్ళు లోడయ్యి వెళ్ళాయి, మూడోవాడు గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు. ఇవాళ కొయ్యకపోతే సాయంత్రం గాలికి సగం కాయ నేలపాలవుతుంది. ఈ గోలలో మీరు పాస్‌పోర్టు ఎంక్వైరీ అంటూ వచ్చారు.

మీ తప్పేం లేదులెండి. మీ డ్యూటీ మీది. తప్పంతా ఆ పిల్లది.

ఆ కాలనీలో పుట్టినదానికి తెలియదా, ఏప్రిల్ వచ్చిందంటే వీధి వీధంతా తాళాలేనని. పిల్లాజెల్లాతో సహా తోటల్లో పాకలేసుకుని కాపలా ఉంటారు. పాస్‌పోర్టుకి పెట్టేదేదో వానలు పడ్డాక పెట్టుకోవచ్చుగా. ఇప్పుడు పెట్టి, పోలీసులొచ్చి చుట్టుపక్కల సాక్షులెవరు అంటే ఎవరొస్తారు? మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో పడున్న భాగ్యవతి తప్ప.

ఆవిడ పెట్టేసిందా సంతకం. మంచిది. ఇంకొకళ్ళు కావాలి, ఆ రెండో సాక్షిని నేనన్నమాట.

నా పేరు రాస్తానని అడిగిందండీ, అడక్కపోలేదు. మావారికి జావ తాగిస్తూ అడిగింది. ఎవరైనా అలాంటప్పుడు అడుగుతారా? ఆయన చెంచా ఎక్కడ నెట్టేస్తారోనని నేను అటే చూస్తున్నాను. ఊఁ అన్నానో, ఊరుకున్నానో నాకే గుర్తు లేదు. తీరా చూస్తే ప్రమీలారాణి, వైఫాఫ్ జగన్మోహనరావు అని ఫోన్ నంబరుతో సహా మీ చేతిలో ఉంది.

తెలుసా అంటే ఏం చెప్పను. ప్రసన్న తెలియకపోవడమేంటండీ. మా తోట కాపలా పెద్దిరాజు కూతురు. వాళ్ళమ్మ కృష్ణవేణి అదిగో, ఆ చెట్టు కింద కాయలు ఏరుతోందే, ఎర్ర చీర, ఆవిడ. ఇందాక మీకు గేటు తీసింది ప్రసన్నే, కాయితాలన్నీ చూపించి, ఫొటో తీయించుకుని లోపలికెళ్ళింది. ఆయన్ని పక్కకి తిప్పే వేళయింది మరి. మూడేళ్ళయింది మావారికి పక్షవాతం వచ్చి. కుడివైపు అంతా పోయింది, మాటా పోయింది. ఒకే పక్క మీద ఉంచితే పుళ్ళు పడతాయన్నారు డాక్టరుగారు. అందుకని తిప్పుతూ ఉండాలి, పగలనక రాత్రనక.

ప్రసన్నే తిప్పుతుంది. ఇంకెవరు తిప్పుతారు?

మనిషి ఆరడుగుల పైన. మంచాన పడ్డా ఏం తగ్గలేదు. అది చూస్తే వెదురుబద్దలా ఉంటుంది, ఎలా తిప్పుతుందో ఏమో, ఆయనకి తెలియకుండా తిప్పేస్తుంది.

ఆ పనికే వెళ్తోందండీ మస్కట్. అక్కడెవరికో వాళ్ళ నాన్నకి ఇలాగేనట. ఏలూరులో ఒక ఏజెంటు, పని ఎలా చేస్తావో వీడియో తీసి పంపమన్నాడట. మా ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం తీసి పంపింది. వాళ్ళకి తెగ నచ్చేసిందట. ఊళ్ళో పెద్దమనిషి, పంచ నలగనివ్వని మనిషి, మస్కట్‌లో ఎవరి ఫోన్లోనో లుంగీతో తిరుగుతున్నారు. నాకు వారం తరవాత తెలిసింది.

కోపమా? కోపం ఎందుకండీ.

పిల్ల ఎలాంటిదంటే మంచిదే. దొంగతనం ఎరగదు, ఎదురు మాట ఎరగదు. కేసులూ గీసులూ ఏం లేవు, స్టేషన్ ఎటువైపు ఉంటుందో కూడా దానికి తెలియదు. అలాంటివి అడగండి, సాయంత్రం దాకా చెప్తాను.

ఏ అడ్రసు? కాలనీది. చదవండి మళ్ళీ.

ఆఁ. ఆ ఇంట్లో నివాసం ఉంటోందా అని.

ఉండండి, టీ తెస్తోంది. ఇక్కడ పెట్టమ్మా ప్రసన్నా. పంచదార సరిపడా వేశావా? ఆయన పడుకున్నారా? పోనీలే. వెళ్ళు, దగ్గరే ఉండు. ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, ఈ హారన్ మోతకి ఆయన ఉలిక్కిపడతారు.

తాగండి, చల్లారిపోతుంది.

ఇదిగో బాబూ, ఇలా దగ్గరకి జరగండి. మాటేంటంటే, నేను అబద్ధం ఆడను. పోలీసులతో అసలు ఆడను. మా మావగారు ఇరవయ్యేళ్ళు ప్రెసిడెంటు చేశారు ఈ ఊరికి, మా ఇంట్లో ఆ అలవాటు లేదు. మీరు చదివిన ఆ డోరు నంబరు పెద్దిరాజు ఇల్లు. ఆ ఇంట్లో ప్రసన్న ఉండదు. ఇక్కడుంటుంది. ఆ కనపడే నవారు మంచం దానిదే. రాత్రి ఆయన మూలిగితే వినపడాలని గుమ్మానికి అడ్డంగా వేసుకుంటుంది. కాలనీకి ఏ జాతరకో ఓ పూట వెళ్ళొస్తుంది, అంతే.

భాగ్యవతి ఉంటుందని చెప్పిందా? ఆవిడకేం, వీధిలో పిల్ల, నోటికొచ్చింది చెప్పేస్తుంది. నేనలా చెప్పలేనండీ. ఉండని చోట ఉంటుందని సంతకం పెడితే రేపు నా మెడకి చుట్టుకోదూ?

ఏమవుతుంది అప్పుడు? అడ్రసులో లేదని రాసి పంపిస్తారా. అంటే వెనక్కి కొట్టేస్తారు. మళ్ళీ మొదట్నించి అడ్రసు మార్చుకుని, అప్లై చేసుకుని... అయ్యో పాపం. ఆ మస్కట్ వాళ్ళు అన్నాళ్ళు ఆగుతారో లేదో. ఏం చేస్తాం. దాని నుదుటన రాసి ఉండాలి కదండీ.

మీరలా చూడకండి. ఇందులో నా స్వార్థం ఏముంది? అది బాగుపడితే నాకు కడుపుమంటా? కావాలంటే వచ్చే ఏడు వెళ్తుంది. ఆయనకి కాస్త బాగయ్యాక వెళ్తుంది. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాను, మీరు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. పామూ చావదు, కర్రా విరగదు, ఎవరికీ చెడూ కాదు.

ఎన్నాళ్ళ నించి ఇక్కడ ఉంటోందంటే... ఏడాది దాటిందా అంటున్నారా? భలేవారే. ఏడాదేంటండీ. మా అత్తగారు మంచాన పడ్డ ఏడు వచ్చింది ఈ ఇంటికి. అప్పటికి దానికి జడ వేసుకోవడం కూడా రాదు, నేనే రిబ్బన్లు కట్టేదాన్ని. గట్టు మీద గిన్నెలు అందక స్టూలు వేసుకునేది. అత్తగారికి కాళ్ళు పడుతూ పడుతూ అక్కడే నిద్రపోయేది, ఆవిడేమో లేపి మళ్ళీ కాళ్ళు పట్టించుకునేది. అలా పెరిగింది. నా చేతుల మీద పెరిగింది. అలాంటప్పుడు కాలనీ అడ్రసు ఎలా పెడుతుంది, మీరే చెప్పండి.

ఏంటి, రాయడం ఆపేశారు?

పుట్టినతేదీ ఆధార్‌లో ఉంటుందిగా. ఇప్పుడు ఇరవై రెండు. అత్తగారు మంచాన పడి పన్నెండేళ్ళు. అవును, పన్నెండే, ఆ ఏడు తుఫానుకి పిందె అంతా రాలిపోయింది, నాకు బాగా గుర్తు.

ఎందుకండీ అలా వేళ్ళ మీద లెక్కేస్తున్నారు?

పదేళ్ళేనా అంటే, పదో పదకొండో. పిల్లలు పెరిగేది కనపడుతుందా.

పనికా? పనికని నేనెప్పుడన్నాను? ఉండటానికొచ్చింది. పెద్దిరాజే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపాడు. "అమ్మగారూ, తోటలో పాక, రాత్రయితే పాములు, ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే మాకు నిశ్చింత" అన్నాడు. ఎవరు ఎవరికి ఉపకారం చేసినట్టు? పిలవండి కృష్ణవేణిని, అడగండి.

వద్దులెండి, పిలవకండి. కాయ ఏరుతోంది.

స్కూలుకెళ్ళేది. వెళ్ళేదండీ, కొన్నాళ్ళు వెళ్ళింది. అత్తగారికి ఎక్కువయ్యాక మానేసింది. మేం మాన్పించలేదు. అదే మానేసింది. తరవాత ఓపెన్‌లో టెన్త్ కట్టి పాసయ్యింది, ఈ వరండాలో లైటు కింద కూర్చుని చదువుకుంది. అది రాసుకోండి ముందు.

అంటే ఇప్పుడు నేను చెప్పిందంతా స్టేట్‌మెంటుగా రాస్తారా? మొత్తమా? పన్నెండేళ్ళ నించి మా ఇంట్లోనే ఉంటోంది, అప్పటికి దాని వయసు ఇంత, చేసే పని ఇదీ అని. కింద నా సంతకం.

ఆ కాయితం మీ ఎస్సైగారి దగ్గరికి వెళ్తుంది. ఆయన చదువుతారు. చదివి?

పదేళ్ళ పిల్లతో పని చేయించారని కేసు పెడతారా? ఊళ్ళో ఎవరింట్లో లేరండీ అలా పెరిగిన పిల్లలు? ఆ రోజుల్లో ఎవరనుకున్నారు ఇది తప్పని? కట్టుకోడానికి బట్ట ఇచ్చాం, మేం తిన్నదే పెట్టాం. జ్వరమొస్తే నేనే నూజివీడు తీసుకెళ్ళాను కార్లో. ఇవన్నీ రాయరా? వయసూ పనీ రెండే రాస్తారా?

రూలు అంతేనంటారు.

ఆగండి బాబూ. ఆ పెన్ను కింద పెట్టండి. నేను చెప్పింది మీకు వేరేలా అర్థమయింది. ఉంటుంది అన్నానంటే, పగలు ఉంటుంది. పొద్దున్నే వస్తుంది, సాయంత్రం వెళ్ళిపోతుంది. కాలనీకే. వాళ్ళింటికే. ఈ మధ్య ఆయనకి బాలేదని ఓ నాలుగు రోజులు ఉండిపోయింది, దాన్ని పట్టుకుని నేను ఏదో అనేశాను. వయసైపోతోంది, మాట మీద మాట వచ్చేస్తుంది.

ఆ మంచమా. అది పగలు నడుం వాల్చుకోడానికి.

నవ్వుకోండి. అబద్ధం ఆడనన్న నోటి తడి కూడా ఇంకా ఆరలేదు. కాలు జారితే తీసుకోవచ్చు కానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకుంటున్నాను చూడండి, మీ కళ్ళముందే.

ఏయ్ ప్రసన్నా. ఎంతసేపయింది నువ్వక్కడ నించుని?

తలుపు దగ్గరగా వెయ్యమన్నాను కదే.

చూశారా, తల కూడా దించుకోలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. అంతా వింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది, అంతే.

ఒక్క మాట చెప్తాను బాబూ, ఇది మాత్రం రాయకండి.

నాకు భయం. ఆయన్ని ముట్టుకోవాలంటే భయం. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం మాది. ఇప్పుడు నేను భుజం మీద చెయ్యి వేస్తే ఆయన ఆ బాగున్న చేత్తో మంచం పట్టీ పట్టేసుకుంటారు, పడేస్తానని. ఆ పిల్ల ముట్టుకుంటే ఒళ్ళు వదిలేస్తారు. నా చేతి ముద్ద నోట్లో పెట్టుకోరు. నేను గుమ్మం దాకా కంచం తీసుకెళ్ళి దాని చేతికిస్తాను. ఆయన అటు చూస్తారు, నేనిటు చూస్తాను. అది వెళ్ళిపోతే ఆ గదిలో మేమిద్దరమే మిగులుతాం.

అందుకే అన్నాను ఆ మాట. ఇంకెందుకూ కాదు. నా అవసరానికి దాని కాళ్ళు కట్టేద్దామనుకున్నాను. మీకు ఆ సంగతి ముందే తెలిసిపోయిందని మీ మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఇవ్వండి. ఎక్కడ?

"పై తెలిపిన వ్యక్తి పై చిరునామాలో నివసిస్తున్నట్లు నాకు స్వయంగా తెలుసు." స్వయంగానట. బాగుంది.

ఇదిగోండి, పూర్తి పేరే రాశాను. ఆధార్ నంబరు లోపలుంది, మీకు ఫోన్లో పంపుతాను. ఇంక అయిపోయినట్టేనా?

ఎన్నాళ్ళకి వస్తుంది? అంత త్వరగానా. రసాలు కోతకి రాకముందే వచ్చేస్తుందన్నమాట. నేనింకా నెలలు పడుతుందనుకున్నాను. కాలనీ ఇంటికే వస్తుంది కదూ పోస్టులో. ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరా. మరి అక్కడ తాళం.

ఆఁ, ఎవరిదే ప్రసన్నా ఆ సంచి? ఎక్కడికి?

సాయంత్రం వెళ్తావా? ఇంటికా? ఇవాళ సాయంత్రమేనా?

అదేంటే, ఆయన్ని రాత్రి...

వినండి బాబూ, ఏమంటోందో. "పొద్దున్నే వస్తాను అమ్మగారూ" అంటోంది. ఎప్పుడూ లేనిది ఎంత నెమ్మదిగా అంటోందో. తాళం చెవి వాళ్ళమ్మ దగ్గర అడిగి తెచ్చేసుకుంది కూడా.

నిజమే. నేనే చెప్పాను. పొద్దున వస్తుంది, సాయంత్రం వెళ్తుందని మీతో నేనే చెప్పాను, ఇంకా ఇంకు కూడా ఆరలేదు. ఇప్పుడు కాదని ఏ మొహం పెట్టుకుని అనను.

మీరు వెళ్ళండి బాబూ, మీకు ఇంకా పనులుంటాయి. ఆ గేటు దగ్గర డ్రైవరుకి కాస్త ఆగమని చెప్పి వెళ్ళండి, ఇప్పుడు నేను బయటికి రాలేను.

ప్రసన్నా. ఆ సంచి అక్కడ పెట్టి, పొద్దుండగానే లోపలికి రా ఒకసారి. ఆయన్ని తిప్పేటప్పుడు ముందు భుజం పట్టుకోవాలో, నడుం పట్టుకోవాలో నాకు చూపించు.