బాక్సుకు కనిపించని చదువు

అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్. ఆఫీసు గదిలో ఇద్దరే ఉన్నారు: హాస్టల్ నడిపే బాలత్రిపురసుందరి, అక్కడ వైఫై పనులు చూసే విఠల్.

“పిల్లల చదువు రిపోర్టు తీసేయడమంటే ఏంటయ్యా? పెట్టింది నువ్వే కదా.”

“పెట్టింది నేనే మేడమ్. అందుకే తీస్తా అంటున్న.”

“నిన్నగాక మొన్న ఇద్దరు తండ్రులు ఆ రిపోర్టు చూసే పిల్లల్ని చేర్పించారు. పిల్ల ఎంతసేపు చదివిందో ఫోన్‌కి పంపే హాస్టల్ ఇటు చిక్కడపల్లిలోనే లేదన్నారు.”

“రిపోర్టు తప్పు చెప్తున్నది మేడమ్.”

“వైఫై బాక్సు పాడైందా?”

“బాక్సు మంచిగనే ఉన్నది.”

“మరి?”

“రెండూ వేరే వేరే మేడమ్. ఒకటి చూస్తది, ఒకటి రాస్తది. ఎవరి ఫోన్ ఏ సైటుకు పోయింది, ఎంతసేపు ఉన్నది, బాక్సు చూస్తది. లైను ఎక్కడ జామ్ అయితుందో తెల్వాలని పెట్టిన దాన్ని. రిపోర్టు రాసేది ఇంకోటి. దానికి కండ్లు లేవు. బాక్సు పట్టిందంతా దానికి ఇయ్యమని మీరన్నరు, ఇచ్చిన. చదువు సైట్లు ఉంటే చదివినట్టు రాస్తది. లేకుంటే సున్నా.”

“అంటే తప్పు నాదేనా?”

“అట్ల అనలే. కలిపింది నేనే.”

“మన మహితని చూడు, రిపోర్టులో ఎప్పుడూ ఫస్టే.”

“ఆమె క్లాసు వీడియో పెట్టి పండుకుంటది మేడమ్. తెల్లార్లు నడుస్తనే ఉంటది.”

“ఇంతకీ ఎవరికి తప్పొచ్చింది?”

“అందరికీ.”

“విఠల్, ఎవరికి?”

“నవనీతకు.”

“ఆ పిల్లా! నెలంతా సున్నాయే కదయ్యా. వాళ్ల నాన్న రాజేశం గారు ఇవాళ తీసుకెళ్లిపోతున్నాడు. పైన సర్దుకుంటోంది.”

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“ఎవరో అన్నరు. మేడమ్, ఆ పిల్ల పొద్దుగాల పోయి సిటీ సెంట్రల్ లైబ్రరీల కూసుంటది. పుస్తకం చదువుతది. పుస్తకానికి నెట్‌తోని ఏం పని? బాక్సుకు ఎట్ల కనవడ్తది?”

“లైబ్రరీకా? నువ్వు చూశావా?”

“నిన్న పోయి చూసిన. అక్కడ అటెండర్ రాములన్న చెప్పిండు, తలుపు తీయకముందే వచ్చి నిలవడతదట.”

“అయ్యో. ఎక్కడెక్కడ తిరుగుతున్నావమ్మా అని మెస్సులో అందరి ముందూ అడిగేశాను.”

“ఏమన్నది?”

“తింటున్నది అలాగే వదిలేసి, పళ్లెం కడుక్కుని వెళ్లిపోయింది. నోరు జారానయ్యా, నాదే తప్పు. అయినా వాళ్ల నాన్నకి చెప్పుకోవచ్చు కదా?”

“చెప్పింది. నమ్మలే.”

“మెయిన్స్ పరీక్ష వచ్చే నెలే కదూ.”

“ఔ. ఇప్పుడు ఊరికి పోతే మళ్లా పంపడు. బట్టల దుకాణంల పనికి మాట్లాడిండు.”

“మరి నాతో ఈ కబుర్లేంటి? ఆయన బస్సు దిగానని ఇందాకే ఫోన్ చేశాడు. ఇదిగో నంబరు, చెప్పు.”

“మీరు చెప్పుండ్రి.”

“నేను చెబితే కిరాయి పోతుందని చెబుతున్నానంటాడు. మిషన్ పెట్టినవాడివి, నువ్వు చెబితే నమ్ముతాడు.”

“నమ్ముతడు. గదే పరేషాన్.”

“నమ్మితే పరేషానేంటయ్యా? చేయి.”

“జర ఆగుండ్రి మేడమ్.”

“ఆగితే ఆటో గుమ్మంలో ఉంటుంది. అయినా, ఆయన బట్టల దుకాణంలో మాట్లాడాడని నీకెవరు చెప్పారు?”

“ఆయనే.”

“ఆయన నీకు చెప్పడమేంటి?”

“మా నాయిన మేడమ్.”

“నవనీత మీ చెల్లెలా? ఇన్నాళ్లూ ఒక్క మాట అనలేదేం?”

“చెల్లె అంటే, ఆమె రిపోర్టు నేను దిద్దుతున్న అనుకుంటరని చెప్పలే. ఆమెను గూడ చెప్పొద్దన్న.”

“సరేలే. మీ నాన్నే అయితే ఇంకా సులువు కదా. మిషన్ పుస్తకాలు చూడలేదు నాన్నా అను. అంతే కదా.”

“నాయినకు చదువు రాదు మేడమ్. మీరు పంపిన రిపోర్టు నాకే చూపిచ్చిండు. సున్నా అని నేనే చదివి చెప్పిన. పుస్తకాలు చదువుతున్న అంటది గద బిడ్డ, ఈ మిషనే తప్పేమో జర చూడరా అన్నడు. నేను చూడలే. నేను పెట్టిన మిషన్ నాయినా, నీ బిడ్డ అబద్ధం ఆడుతది గని అది ఆడదు అన్న.”