కాకి ముట్టని ఆకు

రాజోలు దగ్గర పడవల రేవు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులు. పడవ నడిపే సరంగు ఏడుకొండలు ఇంటి ముందు వైద్యుడు సత్యనారాయణమూర్తిగారు చెప్పులు విడుస్తుంటే, ఏడుకొండలు భార్య పోలమ్మ ఎదురొచ్చింది. ఆమె అత్త, ఏడుకొండలు తల్లి, గుమ్మంలో కూర్చుని ఉంది.

"మా ఆయన పోయేడండి, వైద్యులుగారూ."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ పోలేదండి. అదిగో, అరుగు మీదే ఉన్నాడు."

"మరి పోయేడంటావేం, పోలమ్మా?"

"నేను కాదండి, ఆయనే అంటన్నాడు. మొన్న వరదలో సచ్చిపోయేడంట. సచ్చినోడికి కూడెందుకని అయిదు రోజులై మెతుకు ముట్టలేదు. రేపు భూతవైద్యుడొచ్చి వేపమండలతో కొడతానన్నాడండి."

"కడుపు మాడినవాణ్ణి కొడితే దెయ్యం పోదే, మనిషే పోతాడు. ఒంటికి జొరం వచ్చినట్టు మనసుకీ వస్తుంది. ఏడుకొండలూ, చెయ్యిలా ఇయ్యి. నాడి ఆడుతోంది కదరా."

"అలవాటు కొద్దీ ఆడతందండి."

"ఊపిరి?"

"నేను పోయిన సంగతి దానికింకా తెలీదండి."

"మరి మాట్లాడుతున్నావే?"

"పెద్దోరు మీరు పలకరించేరు. పలక్కపోతే బాగోదు కదండి."

"చూసేరా? ప్రాణం పోయిందంటాడు గానీ మర్యాద పోలేదండి. అత్తా, నువ్వైనా చెప్పు."

"ఏం చెప్పనే, పోలీ? వరద తీసేక ఒడ్డున శవం దొరికింది, వైద్యులుగారూ. మొహం ఆనవాలు లేదు. ఒంటి మీద వీడి ఎర్రంచు కండువా. మావోడే అనుకుని ఏడ్చి పాతిపెట్టేం. చిన్నదినం నాడు ఆకేసి, పేరెట్టి ఎంత పిలిచినా కాకి ముట్టలేదు. అంతలో వీడే నడిచొచ్చేడు. ఏటి నడుమ లంకలో చిక్కుకుపోయేడంట. బతికున్నోడికి పెడితే కాకెలా ముడతాదని ఊరంతా ఒకటే నవ్వులండి."

"ఆ శవం ఎవరిది మరి?"

"ఏ ఊరోడో. కండువా కొట్టుకొచ్చి తగులుకుందనుకున్నాం."

"నువ్వూ నవ్వేవా, ఏడుకొండలూ?"

"సచ్చినోడు నవ్వడండి."

"సరే, చచ్చేవనే ఒప్పుకుందాం. చచ్చినవాడికీ కూడు పెడతాం కదా. పోలమ్మా, వీడి ముందు ఆకెయ్యి."

"ఆయ్. వేసేనండి. పులస పులుసు కూడా పోసేను. ముట్టవయ్యా. ముట్టటం లేదండి."

"కాకి ముట్టకపోతే ఏం చేస్తారు మీరు?"

"తీరని కోరిక ఉండిపోయిందేమోనని, తీరుస్తామని మాటిస్తామండి."

"ఇయ్యి మరి."

"పడవకి కొత్త తెరచాప కుట్టిస్తాను."

"ఊహూఁ. ఇంకోటి."

"మీ అమ్మతో ఇంక తగువాడను."

"ఆ మాట కాకి కూడా నమ్మదే, పోలీ."

"నువ్వుండు అత్తా. నీ తమ్ముడు నూకరాజు ఆనకట్ట పని నించి రాగానే పెళ్ళి చేస్తాం."

"వద్దు."

"పలికేడు. ఏం వద్దు, ఏడుకొండలూ?"

"వాడికి పెళ్ళొద్దండి."

"అదేంట్రా? వాడు నడిచి పోయి నెల్లాళ్ళు కాలేదు, వాడి మీద నీకేం కోపం?"

"నడిచి పోలేదమ్మా. నీకు అలా చెప్పి రేవులో నా పడవెక్కేడు. ఆనకట్ట దొరల ముందు బాగుండాలని నా కండువా నేనే వాడికి కప్పేను. పడవ తిరగబడింది. వాడి చెయ్యి దొరికింది. జారిపోయింది."

"ఏంటంటన్నావు?"

"ఇంటికొచ్చేసరికి నువ్వు నన్ను పట్టుకుని నవ్వుతున్నావు. ఎలా చెప్పను? వాడికి నా పేరెట్టి సాగనంపేసేరు. నా పేరుతో వాడెళ్ళిపోయేడు. మరి నేనెవణ్ణి?"

"అయితే, ఆవేళ కాకి ముట్టంది..."

"ఏడుకొండలూ, ఏడుకొండలూ అని పిలిస్తే నూకరాజెలా వస్తాడమ్మా?"

"అత్తా. ఓ అత్తా."

"పోలీ."

"ఆయ్."

"ఆ ఆకు నూకరాజుది. తీసి గట్టు మీద పెట్టు. వీడికి వేరే ఆకెయ్యి."