సాల్మన్ రాజు ఉంగరాల జుట్టు

ఆదివారం ఆరాధన అయ్యాక కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో టీ బడ్డీ దగ్గర సాల్మన్ రాజు నోరు విప్పాడంటే, వినేవాళ్ళ చేతుల్లో టీ చల్లారాల్సిందే. రేవులో ముప్పై ఏళ్ళు బస్తాలు మోసి రిటైరైన మనిషి. నెత్తి మీద వెంట్రుక లేదు గానీ మాటలకి లోటు లేదు.

ఆ రోజు గొడవంతా మనవరాలు లిల్లీ గురించి. బళ్ళో బెంగాలీ పిల్లలు "కోంక్డా, కోంక్డా" అని జుట్టుని వెక్కిరిస్తున్నారట. క్రిస్మస్ లోపల భవానీపూర్ పార్లర్‌కెళ్ళి సాఫుగా చేయించుకుంటానని పట్టుబట్టింది. అద్దం చూసుకోవడమే మానేసిన పిల్లని చూసి వాళ్ళ నాన్న కూడా సరేనన్నాడు.

"కోంక్డా ఏటే? మన భాషలో దాన్ని ఉంగరాల జుట్టంటారు. రాజుల వేళ్ళకుండేవి నీ నెత్తి మీదున్నాయన్నమాట. నీకది నా దగ్గర్నుంచే ఒచ్చింది," అన్నాడు సాల్మన్ రాజు.

లిల్లీ తాత బోడినెత్తి వంక చూసింది. నమ్మాలనే ఉంది దానికి.

వయసులో ఉన్నప్పుడు ఆయన జుట్టులో పెన్సిల్ గుచ్చితే సాయంత్రం దాకా పడేది కాదట. ఉండొచ్చులే అనుకున్నారంతా. తర్వాత దువ్వెన పోయిందట, మూడు నెలలకి దొరికిందట, పళ్ళు మాత్రం లేవట. వానలో తడిస్తే ఆ నీళ్ళు మాడుకి దిగేసరికి శీతాకాలం వచ్చేసేదట.

"మరి జలుబో?" అన్నాడు గవరయ్య, ఆయనతో పాటు బస్తాలు మోసినవాడు.

"అది క్రిస్మస్‌కి చేసేది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఓపాలి ఓడకి కట్టిన మోకు తెగిపోనాది. ఓడ గంగలోకి జారిపోతంది. నానేటి చేసినాను? మోకు కొస నా జుట్టుకి ముడెట్టీసి గట్టు మీద బోర్లా పడుకున్నాను. పోటు ఒచ్చింది, ఆటు ఒచ్చింది, మళ్ళీ పోటు ఒచ్చింది. ఓడ జానెడు కదిల్తే ఒట్టు. కెప్టెన్ దిగొచ్చి నా జుట్టుకి సెల్యూట్ కొట్టినాడు."

"మోకు తెగిన వేళ రేవు బంద్ కదేటి?" అన్నాడు గవరయ్య.

"బందే. అందుకే గదా, నానొక్కణ్ణే ఉన్నాను."

అంతదాకా పక్కనే టీ తాగుతున్న ఆయన భార్య రోజమ్మ, మట్టికప్పు పక్కన పారేసి సంచిలోంచి బైబిలు తీసింది. ఇంట్లో పాత ఫొటోలూ కాగితాలూ అన్నీ అందులోనే దాస్తుందామె. పేజీల మధ్యనుంచి మొగుడి తొలినాటి రేవు పాసు తీసి లిల్లీ చేతిలో పెట్టింది. ఫొటోలో ఇరవై ఏళ్ళ సాల్మన్ రాజు. నూనె రాసి అణిచిన జుట్టు, గీత గీసినట్టు పాపిడి, ఎక్కడా ఒక్క వంకర లేదు.

గవరయ్య పగలబడి నవ్వాడు. లిల్లీ మొహం మాత్రం వాడిపోయింది. తాత చెప్పిందంతా అబద్ధమేనని దానికి ఏడుపొచ్చింది.

రోజమ్మ ముసుగు తీసి ముడి విప్పింది. బిగించిన ముడే తప్ప మామ్మ జుట్టు విరబోసుకోగా లిల్లీ ఎన్నడూ చూడలేదు. నెరిసిన జుట్టు చుట్టలు చుట్టలుగా భుజాల మీదికి దూకింది. అచ్చం లిల్లీ జుట్టే.

"ఈయన నన్ను సూడ్డానికొచ్చి, ఈ జుట్టు సూసి, మాట రాక నిలబడిపోనాడే. నలభై ఏళ్ళలో ఈయన నోరు మూతబడింది ఆ ఒక్కపాలే," అంది.

సాల్మన్ రాజు ఏదో అనబోయి ఊరుకున్నాడు. రోజమ్మ జుట్టు వంకే చూస్తున్నాడు.

లిల్లీకి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. పార్లర్ వద్దని నాన్నకి తనే చెబుతానంది.

"అయినా ఒక్కసారి కాదు మామ్మా. తాతని చూడు, ఇది రెండోసారి."