వదినను తిట్టిన కేసు

రాజాం కోర్టు వరండాలో చేపలమ్మే ఆవిడ, కోర్టువారు ఆమెకు ఉచితంగా ఇచ్చిన లాయరమ్మ పక్కపక్కనే కూర్చున్నారు. బజారులో అందరికీ వినబడేలా బూతులు తిట్టిందని చేపలావిడ మీద కేసు.

“ఒప్పేసుకుంటాను తల్లీ. జరిమానా కట్టీసి ఎల్లిపోమన్నాడు కానిస్టేబులు. గంపలో సేపలు మెత్తబడిపోతన్నాయి.”

“ఒప్పుకుంటే నేరం చేసినట్టు నీ పేరు మీద ఉండిపోతుంది పిన్నీ. ఒప్పుకోనని చెప్పే హక్కు నీకుంది.”

“తిట్టాను గదమ్మా! బజారంతా ఇన్నాది. అబద్ధమాడమంటావేటి?”

“అబద్ధం కాదు. నీ తిట్లకి ఎవరో బాధపడ్డారని పోలీసులే రుజువు చెయ్యాలి. ఇంతకీ ఎవర్ని తిట్టావు?”

“మా వొదిన్ని. నా ఎదురు గంప దానిదే.”

“అయ్యో! బాగా బాధపడిందా?”

“బాధేటి? నాను తిట్టకపోతే దానికి బాధ. ‘ఏటే, నాను పరాయిదాన్నయిపోనానా?’ అని మూతి ముడుస్తాది. వొదినా మరదళ్ళం, మేం సరసమాడుకోకపోతే ఇంకెవులాడతారు?”

“ఈ మాట కానిస్టేబులుకి చెప్పలేదా?”

“సెప్పనిచ్చాడేటి? కొత్తోడు. జుట్లు పట్టుకుంటామనుకుని బయపడిపోనాడు పాపం.”

“అయితే ఒప్పుకోనని చెప్పు. వాయిదా వేస్తారు. మీ వదినని సాక్షిగా పిలుద్దాం.”

“అమ్మో! అదొస్తే జడ్జీగారి ముందరే నన్ను దులిపేస్తాది.”

“దులపనీ. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మరి లోపల అడిగితే ఏమంటావు?”

“ఒప్పుకోనంటాను. దాని తిట్లకి జడ్జీగారు పక్కున నవ్వీస్తే మాత్రం నా పూచీ లేదు తల్లీ!”