బొత్తాంకి సూది పడిందా?

అటు తిరగకు. కుట్టుమిషన్ వైపు కాదు, నా మొహం చూసి చెప్పు. కుక్కకి సూది వేయించావా లేదా? ఎన్నిసార్లు అడిగినా "వేయించాను కదక్కా" అంటావు గానీ, ఆ మాట అనేటప్పుడు చెవి ఎందుకు గోక్కుంటావురా? చిన్నప్పుడు నిన్ను ఎత్తుకు తిరిగినదాన్ని. నువ్వు అబద్ధమాడితే నాకు ఇట్టే తెలిసిపోతుంది.

పొద్దున్న జరిగింది నువ్వు చూడలేదు. షాపు షట్టర్ ఎత్తానో లేదో, ఓ వీధికుక్క తూలుకుంటూ వచ్చింది. నోటి నిండా చొంగ. మనిషికీ గోడకీ తేడా తెలియట్లేదు దానికి. తిన్నగా మెట్టెక్కబోయింది. మన బొత్తాం ఊరుకుంటాడా? అడ్డం పడ్డాడు. వాడి ముందు కాలు కరిచి పట్టేసిందిరా! నేను గజంబద్ద పుచ్చుకుని అరిచేసరికి వీధంతా పోగైంది.

పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన అడిగింది ఒక్కటే, ఈ ఏడాది రేబీస్ టీకా పడిందా అని. పడి ఉంటే ఇవాళే ఇంకోటి వేసి, కట్టేసి కనిపెట్టుకుని ఉండొచ్చట. పడకపోతే... అంటూ ఆయన గొంతు తగ్గించేశాడు.

ఏంటీ? పోయినేడాది వేయించాంగా అంటావా? అదిగో, దొరికావు! నేను అడిగింది ఈ ఏడాది సంగతి. మళ్లీ మళ్లీ ఎందుకు వేయిస్తాంరా, సరదాకా? దాని బలం తగ్గిపోతుందనే కదా! ఇస్త్రీ బండి వాళ్ల కుక్కకూన ఇంకో జబ్బుతో రక్తం కక్కుకుని పోయింది, మర్చిపోయావా? దానికీ మొదటి సూది పడింది. మలి సూదికి తీసుకెళ్లడానికి బద్ధకించారు, అంతే.

సరే, నేనే చెప్తాను విను. సూది పడిన రోజు బొత్తాం ఏం చేస్తాడు? కత్తిరింపు బల్ల కింద దూరి, సాయంత్రం దాకా నా మొహం చూడడు. పిలిస్తే వీపు తిప్పుతాడు. అంత రోషం వెధవకి. మరి మొన్న నువ్వు తీసుకెళ్లొచ్చిన రోజు? తోకాడించుకుంటూ వచ్చి, మళ్లీ పద అన్నట్టు నీ ప్యాంటు పట్టుకు లాగాడు! మూతికి బిస్కట్ పొడి కూడానూ. నాకప్పుడే ఏదో తేడాగా అనిపించింది.

ఎక్కడికి తీసుకెళ్లావు? టీ కొట్టు దగ్గర బాతాఖానీ వేశావా?

ఏమన్నావు? గట్టిగా అను.

ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లావా? వాడు వణికిపోయాడా? నీ చంకలో తల దూర్చేశాడా? చూడలేక, పార్కులో తిప్పి తీసుకొచ్చేశావా? అబ్బ, ఎంత జాలిగుండెరా నీది! ఆ జాలేదో కాసేపు బిగబట్టుకోలేకపోయావా నాయనా!

ఏడవకు. నువ్వేడిస్తే నాకు తిట్టడానికి కూడా రాదు.

పొద్దున్నుంచీ నిన్ను ఎందుకు పీక్కుతింటున్నానో తెలుసా? డాక్టరుగారికి నేనూ ఓ మాట చెప్పలేదు. వాడి కాలు కడిగింది నేనే. ఉత్త చేతులతో, ఆ చొంగతో సహా. కాజాలు కుడుతూ సూది దించుకున్న వేలు, ఇదిగో చూడు, ఇంకా పచ్చిగానే ఉంది. తర్వాత సబ్బుతో రుద్ది రుద్ది కడిగానులే. అయినా భయం పోదే! బొత్తాంకి టీకా పడిందంటే నాకూ ఏం కాదని నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నాను. ఆ చొంగ వీధికుక్కదని తెలిసి కూడా. అందుకే నీ నోట ఆ "వేయించాను" అనే మాట నిజం కావాలని చచ్చేంతగా కోరుకున్నాను.

లే, చెప్పులేసుకో. వాణ్ని నువ్వు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లు. ఉన్నదున్నట్టు చెప్పు. నేను మనుషుల ఆసుపత్రికి పోతాను.

వద్దు, నువ్వు నాకు తోడు రావద్దు. అక్కడ నేను వణికితే నన్నూ వెనక్కి తీసుకొచ్చేస్తావు.