పదకొండేళ్ళ నిప్పు

“చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్ళు రాలిపోవాలి,” అని ఒట్టేసింది పొగలేని పెద్దమ్మ. నోట్లో మిగిలినవి రెండే కనక ఆ ఒట్టుతో పెద్ద నష్టమేమీ లేదు.

ఎండ ఇంకా ఎక్కలేదు. వరండాలో వినేవాళ్ళు ఇద్దరే. రోజూ టీ వేళకి వచ్చి కూర్చునే ఎదురింటి దర్జీ ఒకడు, సుత్తి ఒళ్ళో పెట్టుకున్న తాపీమేస్త్రీ ఒకడు. వంటింట్లో కట్టెల పొయ్యి పగలగొట్టి గ్యాస్‌కి గట్టు కట్టమని పెద్దమ్మ కొడుకు పనికి పోతూ పోతూ మేస్త్రీకి చెప్పి వెళ్ళాడు. పెద్దమ్మకు ఆ పొయ్యంటే ప్రాణం. పొగ రాకుండా మండిస్తుందనే వీధివాళ్ళు ఆమెకు ‘పొగలేని’ అన్న పేరు తగిలించారు. కొడుకుతో వాదించి గెలవలేదు గానీ, మేస్త్రీని మాటల్లో పడేయడం ఆమెకెంతసేపు?

“పొయ్యి ఎవరైనా వెలిగిస్తారు నాయనా, నిలబెట్టడంలో ఉంది పనితనం. కట్టె ఎండి ఉండాలి. సన్నపుల్ల ముందు, మొద్దు వెనక. కట్టెకీ కట్టెకీ నడుమ వియ్యపురాళ్ళు కూర్చున్నంత ఎడం ఉండాలి. పొయ్యికి ఊపిరాడాలి. రాత్రి పనయ్యాక నిప్పుమీద నివురు కప్పి పడుకుంటే సరి. నా కోడలు ఈ ఇంట కాలుపెట్టి పదకొండేళ్ళు. ఆ రోజు వెలిగించిన నిప్పే ఇవాళ్టికీ. అగ్గిపుల్ల గీసిన పాపాన పోలేదు.”

“నివురు మేమూ కప్పుతాం పెద్దమ్మా. పొద్దునదాకా ఉంటుంది,” అన్నాడు మేస్త్రీ, అదేం గొప్పన్నట్టు.

“మీది పొద్దునదాకా. మేం ఓసారి ఇంటికి తాళమేసి మా చెల్లెలి ఊళ్ళో మూడు నెలలున్నాం. వచ్చి నివురు తీద్దును కదా, రేగిపండంత నిప్పు పెట్టి వెళ్తే గుమ్మడికాయంతైంది.”

“కట్టె వేయకుండానే పెరిగిందా?” అన్నాడు దర్జీ.

“నువ్వు పని చేయకుండానే లావెక్కలేదూ, అలాగే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరదొచ్చింది. నీళ్ళు గడప దాటి, పొయ్యి ముంచి, అటక అందుకున్నాయి. నేను అటకమీద కూర్చుని చూస్తున్నా. కాసేపటికి నీళ్ళు వెచ్చబడ్డాయి, ఇంకాసేపటికి ఆవిరి, కింద నా నిప్పు తన పని తాను చేసుకుపోతోంది మరి. వీధి వీధంతా చెంబులు పట్టుకొచ్చి వారం రోజులు వేణ్ణీళ్ళ స్నానాలు. ఈ దర్జీ వాళ్ళ నాన్న కూడా చేశాడు, పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.”

“మా నాన్న సంగతి ఇప్పుడెందుకులే పెద్దమ్మా.”

మేస్త్రీ నవ్వాపుకోలేక సుత్తి కింద పెట్టాడు. అది చూసి పెద్దమ్మ ఇంకాస్త ముందుకు జరిగింది.

“ఓ చలికాలం మూడ్రోజులు తెల్లవారలేదు. నాలుగో రోజు పెరటి తలుపు ఎవరో కొట్టారు. తీస్తే ఎవరు? సూర్యుడు. ఒళ్ళంతా నల్లబడి, పళ్ళు టకటకలాడిస్తూ, ‘పెద్దమ్మా, కాస్త నిప్పుంటే పెడుదూ’ అన్నాడు. కుండపెంకులో ఓ నిప్పుకణిక వేసిచ్చాను. ఇవాళ మీరు కాచుకునే ఎండ నా పొయ్యిదే. పెంకు మాత్రం ఇంతవరకూ తెచ్చివ్వలేదు.”

“నేనూ ఈ వీధిలోనే ఉన్నాను కదా, నాకు తెలీలేదే,” అన్నాడు దర్జీ.

“ఆ మూడ్రోజులూ నువ్వు లేస్తేగా.”

మేస్త్రీ కళ్ళు తుడుచుకుని సుత్తి మళ్ళీ అందుకున్నాడు. “అయితే ఆ నిప్పు చూపించు పెద్దమ్మా. కనబడితే వెనక్కి పోతా.”

“పద. కనబడకపోతే మొదటి దెబ్బ నేనే వేస్తా.”

ధైర్యంగానే అంది. వరదా సూర్యుడూ అల్లినవే గానీ, రోజూ తను లేచేసరికి పొయ్యిలో నిప్పుండటం మాత్రం ఆమె కళ్ళారా చూస్తున్న నిజం. ఇవాళ మేస్త్రీ వచ్చిన హడావుడిలో అటు తొంగిచూడలేదంతే.

వంటింట్లో కోడలు ఖాళీ టీగిన్నె పట్టుకుని పొయ్యికి అడ్డంగా నిలబడి ఉంది. “అత్తయ్యా, కాస్త ఆగండి,” అంది.

పెద్దమ్మ ఆగలేదు. నివురు పక్కకి లాగి ఊదుగొట్టంతో ఊదింది. బూడిద లేచి దర్జీ మీసాలు నెరిసిపోయాయి. అడుగుదాకా కెలికింది. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది పొయ్యి.

“రోజూ ఉంటుంది కదే,” అంది పెద్దమ్మ. ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కోడలు తలొంచుకుంది. “రోజూ మీరు లేవకముందే నేను వెలిగిస్తానత్తయ్యా. పంచదార డబ్బా వెనక అగ్గిపెట్టె ఉండేది. నిన్నటితో అయిపోయింది.”

“పదకొండేళ్ళూనా?”

“నివురు మీరు మరీ ఒత్తి ఒత్తి కప్పుతారు. ఊపిరాడాలని చెప్పేది మీరే.”

మేస్త్రీ సుత్తి పెద్దమ్మ చేతికివ్వబోయాడు. కోడలు అడ్డుపడి అది లాక్కుంది. “నిప్పు కనబడితే వెనక్కి పోతానన్నారు. ఎవరు, ఎప్పుడు వెలిగించిన నిప్పో చెప్పలేదుగా.”

పెద్దమ్మ ముఖం తేటపడింది. “విన్నారా? పదకొండేళ్ళు నాకు తెలియనివ్వలేదు. ఇలాంటి కోడలు సూర్యుడికి కూడా లేదు. చూస్తావేం మేస్త్రీ, వీధి చివర కొట్టుకెళ్ళి అగ్గిపెట్టె పట్టుకురా. రెండు తీసుకో. దారిలో ఆ పైనున్నాయన కనబడితే, నా పెంకు ఎప్పుడిస్తాడో అడిగి రా.”